ఫోన్-ఇన్: స్కానింగ్ చట్టం వేరు, అబార్షన్ చట్టం వేరు

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు స్టూడియోలో ప్రసూతి వైద్యురాలు ఒకరు, వైద్య చట్టాలు చూసే న్యాయవాది ఒకరు ఉన్నారు. అబార్షన్ చేసే ఆస్పత్రులకు ఉండే నిబంధనల మీద మీ సందేహాలు అడగండి. మొదటి కాల్ నిజామాబాద్ నుంచి. చెప్పండి సార్.

శ్రోత: నమస్తే మేడం, నేను స్కూల్లో టీచర్ని. 2016లో మేనకా గాంధీ గారు కేంద్ర మంత్రిగా ఉన్నప్పుడు జైపూర్‌లో ఒక మాటన్నారు. గర్భం వచ్చిందని తెలియగానే ఆడో మగో తల్లికి చెప్పేసి, రిజిస్టర్‌లో రాసి, ప్రసవం దాకా గమనిస్తూ ఉండాలని. మా స్టాఫ్ రూములో అదే మంచి పద్ధతని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. అందులో తప్పేముందండీ?

డాక్టర్: ఆడపిల్లను కాపాడాలన్న ఉద్దేశాన్ని నేను శంకించను సార్. కానీ ఆ మాట ఆలోచించి అన్నది కాదు. నెల తప్పిన సంగతి 5, 6 వారాలకే తెలుస్తుంది. ఆడో మగో స్కానింగ్‌లో పోల్చుకోగలిగేది సుమారు 12, 13 వారాలు దాటాకే. కాబట్టి తెలియగానే చెప్పడం స్కానింగ్‌తో అయ్యే పని కాదు. సరే, తర్వాతే చెప్పారనుకుందాం. ఆడపిల్ల అని ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది. అక్కణ్ణుంచి ఆరు నెలలు ఆ తల్లికి తిండి సరిగ్గా పెడుతున్నారా, కొడుతున్నారా, పరీక్షలకు పంపుతున్నారా అన్నది ఎవరు చూస్తారు? ఆశా కార్యకర్త వచ్చి వెళ్లాక ఆమె ఉండేది ఆ ఇంట్లోనే కదా. ఇంకో చిక్కుంది. ఎవరూ ఏమీ చేయకుండానే పోయే గర్భాలు ఉంటాయి. రిజిస్టర్‌లో "ఆడ" అని రాసి ఉండి, ఆ గర్భం దానంతటదే పోతే, రక్తస్రావంతో మంచం మీదున్న మనిషిని ముందు నేరస్తురాలిగా చూస్తారు.

న్యాయవాది: ఆ సూచన చట్టంలోకి రాలేదు. లింగ నిర్ధారణను నిషేధించే చట్టం 1994లో వచ్చింది, 1996 జనవరి 1 నుంచి అమలవుతోంది. కడుపులో ఉన్నది ఆడో మగో మాటతోగానీ సైగతోగానీ చెప్పకూడదు. మొదటిసారి దొరికితే మూడేళ్ల దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా. అబార్షన్ చట్టం దీనికంటే ముందుది, 1971లో చేసి 1972 ఏప్రిల్ 1 నుంచి అమలు చేశారు. లింగ నిర్ధారణ చట్టం స్కానింగ్ గదికి తాళం వేసేది, అబార్షన్ చట్టం ఆస్పత్రి తలుపు తెరిచేది. సభల్లో మాట్లాడేవాళ్లు ఈ రెండింటినీ కలిపేసినప్పుడల్లా చట్టబద్ధంగా చేయాల్సిన డాక్టర్లు కూడా కేసులకు భయపడి వెనక్కి తగ్గుతారు. అప్పుడు అబార్షన్ కావాల్సిన అమ్మాయి ఎక్కడికి వెళ్తుంది? అర్హత లేనివాళ్ల దగ్గరికి.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్. చెప్పమ్మా.

శ్రోత: మేడం, పేరు చెప్పలేను.

వ్యాఖ్యాత: అక్కర్లేదమ్మా. విషయం చెప్పు.

శ్రోత: నాకు 23 ఏళ్లు, పెళ్లి కాలేదు. నర్సింగ్ హోమ్‌లో నాన్న సంతకం, ఆధార్ తెమ్మన్నారు. పైగా పెళ్లి కాలేదు కాబట్టి 20 వారాలు దాటితే చేయకూడదని అంటున్నారు.

డాక్టర్: ముందు లెక్క సరిచూద్దాం తల్లీ. చివరి నెలసరి మొదలైన రోజు నుంచి వారాలు లెక్కపెట్టాలి, కలిసిన రోజు నుంచి కాదు. జనవరి 5న నెలసరి వచ్చి ఉంటే, లీపు సంవత్సరం కాకపోతే, 20 వారాలు నిండేది మే 25న. చాలామంది రెండు వారాలు తక్కువ లెక్క వేసుకుని ఇక్కడే పొరపాటు పడతారు. తేదీ గుర్తు లేకపోతే స్కానింగ్ రిపోర్టులో ఉన్న వారాలు చూడాలి.

న్యాయవాది: 18 ఏళ్లు నిండితే నీ సంతకం ఒక్కటే చాలమ్మా, అది ఫారం సి అనే అంగీకార పత్రం మీద పెట్టాలి. తండ్రి, భర్త, ప్రియుడు ఎవరి సంతకమూ చట్టం అడగదు. ఆధార్ అన్న మాటే ఆ చట్టంలో లేదు. 18 లోపువాళ్లకీ, మానసిక వ్యాధి ఉన్నవాళ్లకీ మాత్రం సంరక్షకుల రాతపూర్వక అంగీకారం కావాలి. 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం, 20 నుంచి 24 దాకా ఇద్దరిది. అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు, వికలాంగులు ఇలా కొందరికే ఆ రెండో గడువు. పెళ్లి కానివాళ్లను దాన్నుంచి తోసేయకూడదని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

డాక్టర్: నువ్వెళ్లిన చోట 12 వారాల దాకానే అనుమతి ఉండొచ్చు. గోడ మీద ఫారం బి, అంటే ఆస్పత్రికి ఇచ్చిన అనుమతి పత్రం ఉంటుంది, అందులో చూడు. అలా అయితే వాళ్లతో వాదిస్తూ రోజులు పోగొట్టుకోవద్దు. రేపు పొద్దున్నే ప్రభుత్వ బోధనాసుపత్రి ప్రసూతి విభాగానికి వెళ్లు.

న్యాయవాది: అక్కడా తిప్పి పంపితే ఎందుకో కాగితం మీద రాసివ్వమని అడుగు. 15100కి ఫోన్ చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి లాయర్‌ని ఇస్తారు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితం.

వ్యాఖ్యాత: జాగ్రత్తమ్మా. మార్కాపురం నుంచి ఒక డాక్టర్ గారు లైన్‌లో ఉన్నారు.

శ్రోత: నమస్తే. మేం దంపతులం చిన్న నర్సింగ్ హోమ్ పెడుతున్నాం. అనుమతికి ఏం చేయాలి?

న్యాయవాది: ఫారం ఎ నింపి జిల్లా వైద్య ఆరోగ్య అధికారి, అంటే డీఎంహెచ్ఓ గారికి ఇవ్వండి. దరఖాస్తు అందిన 2 నెలల్లో తనిఖీ జరగాలి, అంతా బాగుంటే తర్వాతి 2 నెలల్లో ఫారం బి రావాలి. లోపం చూపిస్తే, మీరు సరిచేసిన రోజు నుంచి 2 నెలలు. దరఖాస్తు ఇచ్చిన రోజే తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకోండి. అది లేకపోతే గడువు దాటిందని మీరు చూపించలేరు.

డాక్టర్: 12 వారాల దాకా అయితే పరీక్ష టేబుల్ లేదా ప్రసవం టేబుల్, ఊపిరి అందించే పరికరాలు, స్టెరిలైజేషన్ పరికరాలు, మందులు, సెలైన్లు, షాక్‌లోకి వెళ్తే చికిత్స చేసే ఏర్పాటు, పెద్దాసుపత్రికి తరలించే వాహనం ఉండాలి. ఆ పైన 24 వారాల దాకా కావాలంటే ఆపరేషన్ టేబుల్, పొట్ట కోసి చేసే సర్జరీ సామాను, మత్తు పరికరాలు తప్పవు. తనిఖీకి ముందు మీరే ఒకసారి చూసుకోండి. ఆక్సిజన్ సిలిండర్ మీటరు ముల్లు ఎక్కడుంది, ఎమర్జెన్సీ ట్రేలో ఇంజెక్షన్ల గడువు తేదీలేంటి, అంబులెన్స్ డ్రైవర్ రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తుతాడా. వాహనం ఏర్పాటు కాగితం మీదే ఉండిపోవడం పెద్ద లోపం. రక్తస్రావం మొదలయ్యాక బండి వెతుక్కోవడం అంటే ప్రాణం పోవడమే.

శ్రోత: నేను ఎంబీబీఎస్ అండీ. మా ఆవిడ గైనకాలజిస్టు.

డాక్టర్: అయితే స్థలానికి వచ్చే అనుమతి మీకు అర్హత కాదని గుర్తుంచుకోండి. గుర్తింపు ఉన్న శిక్షణ కేంద్రంలో 25 కేసుల్లో సహాయం చేసి, వాటిలో 5 మీరే స్వయంగా చేసి ఉంటే 12 వారాల దాకా చేయొచ్చు. ఆపై ఆవిడే చూడాలి.

న్యాయవాది: అనుమతి వచ్చాక అసలు పరీక్ష రికార్డులదే. అడ్మిషన్ రిజిస్టర్ రహస్య పత్రం. పేషెంటు పేరు అందులో మాత్రమే ఉండాలి. కేస్ షీట్‌లో, థియేటర్ రిజిస్టర్‌లో, ఫాలో-అప్ కార్డులో ఏడాదితో కలిపిన వరుస సంఖ్యే రాయాలి, 7/2025 అన్నట్టుగా. అలవాటు కొద్దీ నర్సు థియేటర్ రిజిస్టర్‌లో పేరు రాసేస్తుంది. ఆ రిజిస్టర్ పది చేతులు మారుతుంది. అందుకే మొదటి రోజే ఆమెకు నేర్పండి. అబార్షన్ అయిన 3 గంటల్లోపు ఫారం 1 మీద డాక్టర్ ధ్రువీకరించాలి. ఆ ఫారం, అంగీకార పత్రం కవరులో పెట్టి అంటించి, పైన వరుస సంఖ్య, డాక్టరు పేరు, "రహస్యం" అని రాసి భద్రపరచాలి. నెలనెలా డీఎంహెచ్ఓకి ఫారం 2 వెళ్లాలి, అందులో అంకెలే ఉంటాయి. అడ్మిషన్ రిజిస్టర్‌ని అది ఏ ఏడాదిదో ఆ క్యాలెండర్ ఏడాది ముగిసినప్పటి నుంచి 5 ఏళ్లు దాచాలి. పేరు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది దాకా జైలు పడొచ్చు. అనుమతి లేని చోట అబార్షన్ చేస్తే 2 నుంచి 7 ఏళ్ల కఠిన కారాగారం, ఆ స్థలం యజమానికీ అంతే. స్కానింగ్ మిషన్ పెడితే దాని రిజిస్ట్రేషన్ వేరే. 5 ఏళ్లకోసారి మళ్లీ చేయించుకోవాలి, గర్భిణికి చేసిన ప్రతి స్కాన్‌కీ దాని వివరాలతో ఫారం ఎఫ్ నింపాలి.

వ్యాఖ్యాత: ఇంకో కాల్. చెప్పండి బాబూ, తొందరగా.

శ్రోత: మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి మా ఆవిడకి ఇచ్చానండీ, మొన్న. బ్లీడింగ్ ఆగట్లేదు.

డాక్టర్: గంటకి రెండు ప్యాడ్లు పూర్తిగా తడుస్తూ, అలా రెండు గంటలు దాటిందా?

శ్రోత: అవునండీ.

డాక్టర్: ఫోన్ పెట్టేసి 108కి చేయండి. ఏ మాత్రలు, ఎన్ని, ఎప్పుడు వేసుకుందో అక్కడి డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఖాళీ స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి. బ్లడ్ గ్రూప్ నెగెటివ్ అయితే ఆ మాట ముందే చెప్పండి. వెళ్లండి. మిగతా శ్రోతలకి చెప్తున్నాను. ఆ మాత్రలు 9 వారాల దాకా డాక్టరు చూసి రాయాల్సినవి. గర్భం ట్యూబులో ఉంటే వాటితో పోదు, ట్యూబు పగిలి లోపల రక్తం పోతుంది. ఎక్కడుందో చూడకుండా వేసుకోవద్దనేది అందుకే.

వ్యాఖ్యాత: చివరి కాల్. సర్పంచ్ గారు, చెప్పండి.

శ్రోత: మా ఊరి సభలో నన్ను ఆడపిల్లల గురించి మాట్లాడమన్నారు. "మన ఊళ్లో ఇక ఎవరికీ అబార్షన్ జరగనివ్వం, ఆస్పత్రిలో పేర్లు తెప్పిస్తాం" అని ప్రకటిద్దామనుకున్నా. ఇందాకట్నుంచి వింటుంటే అనుమానం వస్తోంది.

న్యాయవాది: ఆ ప్రకటన చేయకండి సార్. జరగనివ్వను అనే అధికారం పంచాయతీకి లేదు, పేర్లు మీకు ఇవ్వకూడదు. చేతనైనవి చెప్తాను. జిల్లాలో ఏ ఆస్పత్రులకు ఫారం బి ఉందో, ఎన్ని వారాల దాకానో జాబితా అడిగి పంచాయతీ గోడ మీద పెట్టించండి. ఆడో మగో చెప్పే స్కానింగ్ సెంటర్ ఉందని తెలిస్తే లింగ నిర్ధారణ చట్టం కింద జిల్లా అధికారికి రాసివ్వండి. అనుమతులిచ్చే జిల్లా కమిటీలో పంచాయతీరాజ్ ప్రతినిధికీ చోటుంది.

శ్రోత: మా జిల్లాలో ఎవరున్నారో ఎలా తెలుస్తుందండీ?

న్యాయవాది: డీఎంహెచ్ఓ ఆఫీసులో అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. కమిటీ సభ్యులెవరు, ఎప్పుడు కూర్చున్నారు, ఎన్ని దరఖాస్తులు 2 నెలలు దాటి ఆగిపోయాయి అన్నవే అడగండి. పేషెంట్ల పేరెత్తొద్దు.