కోడిమాంసం కడిగిన నీళ్ళు ఎటు పోతున్నాయి?

అధ్యక్షులకు, గ్రంథాలయ కార్యదర్శి గారికి, వంట మధ్యలో పొయ్యి కట్టేసి వచ్చిన అక్కచెల్లెళ్ళకు, వాళ్ళను బండి మీద దింపడానికి వచ్చి వెనక వరసలో ఇరుక్కుపోయిన అన్నదమ్ములకు నమస్కారం.

కార్తీకమాసంలో మాంసం మీద ప్రసంగం పెట్టారేమిటని ఇందాక ఒక పెద్దాయన అడిగారు. గ్రంథాలయ వారోత్సవాలు ఏటా నవంబరు 14న మొదలవుతాయి. కార్తీకమేమో తరచూ వాటికి అడ్డం పడుతూనే ఉంటుంది. ఇందులో నా తప్పేమీ లేదు. పైగా నెల్లాళ్ళు నిష్ఠగా ఉన్నవాళ్ళు పోలి పాడ్యమి దాటిన మొదటి ఆదివారం చికెన్ కొట్టు ముందు ఎంత బారు కడతారో మనకు తెలియంది కాదు. ఆ ఆదివారానికి ముందే ఈ నాలుగు మాటలు చెవిన పడటం మంచిది.

పచ్చి మాంసాన్ని వండే ముందు కడగాలా, వద్దా? ఇంట్లో పెద్దావిడ ఉప్పూ పసుపూ వేసి మూడు నీళ్ళు కడిగితే గానీ పొయ్యి దగ్గరికి రానివ్వదు. కోడలి ఫోనులో ఎవరో తెల్లకోటు వేసుకుని, కడిగితే రోగాలొస్తాయని బెదిరిస్తున్నాడు. ఇద్దరూ సగం నిజమే చెబుతున్నారు. మిగతా సగం, కడిగిన నీళ్ళు ఎటు పోయాయి, ఆ తరువాత ఆ చేతులు ఏవేం ముట్టుకున్నాయి అన్న చోట ఉంది.

ముందు ఆ తెల్లకోటు ఆయన మాట చూద్దాం. కోళ్ళ పేగుల్లో కాంపిలోబాక్టర్, సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. కోడి ఒంటి వేడి 41, 42 డిగ్రీలు. కాంపిలోబాక్టర్‌కు సరిగ్గా ఆ వేడే హాయి. దాన్ని మోస్తున్న కోడికి సాధారణంగా జబ్బు లక్షణాలేవీ ఉండవు, చూసి పోల్చుకోలేం. కోసి శుభ్రం చేసేటప్పుడు పేగుల్లోది కాస్త చర్మానికీ మాంసానికీ అంటుతుంది. కొన్ని వందల కణాలు నోట్లోకి పోయినా చాలు, రెండు మూడు రోజుల్లో జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు. చాలా అరుదుగా, విరేచనాలు తగ్గిన కొన్ని వారాలకు కాళ్ళు చచ్చుబడే గిల్లాన్ బారే జబ్బు కూడా రావచ్చు.

వీటిని నీళ్ళు వదిలించలేవు. చర్మం ముడతల్లో, ఈకలు పీకిన రంధ్రాల్లో అంటుకుని కూర్చున్నవి మూడు నీళ్ళకు కాదు, ముప్పై నీళ్ళకైనా పూర్తిగా పోవు. ఊడివచ్చినవేమో నీటి తుంపరతో గట్టు మీదికి ఎగురుతాయి. 2022లో కొందరు భౌతిక శాస్త్రవేత్తలు కోడిమాంసం మీద కుళాయి తిప్పి ఈ తుంపరనే కొలిచారు. కుళాయి ఎంత ఎత్తున ఉంటే చిందు అంత ఎక్కువ. కోడి చర్మం మెత్తన కాబట్టి ధార పడిన చోట చిన్న గుంట పడుతుంది, దాంతో నీళ్ళు ఇంకా చెదిరి ఎగురుతాయి. ఆ చిందులో బతికున్న సూక్ష్మజీవులు దొరికాయి. ఈ చిందు భయంతోనే బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ అంతకు ముందే, 2014లో, కోడిమాంసం కడగవద్దని పెద్ద ప్రచారమే చేసింది.

అయితే 2019లో అమెరికా వ్యవసాయ శాఖ బయటపెట్టిన పరిశీలన ఒకటుంది. కోడి ముక్కలకు హాని చేయని, తరువాత జాడ పట్టుకోగలిగిన సూక్ష్మజీవిని పూసి, మామూలు గృహస్థుల చేత వంట చేయించారు. మాంసం కడిగినవాళ్ళలో నూటికి 60 మంది సింకులో ఆ సూక్ష్మజీవి దొరికింది. శుభ్రం చేశాం అనుకున్నాక కూడా 14 మంది సింకులో మిగిలే ఉంది. 26 మంది వంటింట్లో అది పక్కనే తయారు చేసిన పచ్చి ఆకుల సలాడ్‌లోకి చేరింది. ఇక్కడిదాకా అందరూ చెబుతారు. మాంసం అసలు కడగనివాళ్ళ సలాడ్ సంగతి మాత్రం అంతగా చెప్పరు. అక్కడ కూడా నూటికి 31 మంది సలాడ్‌లో అది ఉంది! నీళ్ళు చిందకుండానే ఎలా చేరింది? మాంసం ముట్టుకున్న చేతులు సరిగ్గా కడుక్కోకపోవడం వల్ల. కడగడం మానేశాం కదా అని నిశ్చింతగా కూర్చునేవాళ్ళు ఈ అంకెను గుర్తుంచుకోవాలి.

ఇక పెద్దావిడ వైపు. బ్రిటన్‌లో, అమెరికాలో కోడి కర్మాగారంలోనే శుభ్రమై, కవరులో సీలు వేసుకుని వస్తుంది. మన దగ్గర? కొట్టులో మొద్దు మీద పెట్టి కత్తితో కొడితే ముక్కల వెంట ఎముక నలుసులు వస్తాయి, గడ్డకట్టిన రక్తం వస్తుంది, ఒక్కోసారి రెండు ఈకలు కూడా వస్తాయి. అదే మొద్దు మీద పొద్దుటి నుంచి ఎన్ని కోళ్ళు తెగాయో లెక్క ఉండదు. నాటుకోడి అయితే ఈకలు పీకి, మంట మీద కాల్చి, పసుపు రాసి రుద్దుతాం. ఆ మసి వదలాలంటే నీళ్ళు పోయక తప్పదు. ఇలాంటి మాంసాన్ని కడగవద్దని మన ఆడవాళ్ళకు చెబితే వినరు, వినకపోవడమే న్యాయం. నలుసూ మసీ నెత్తురూ వదిలించడం నీళ్ళ పని. సూక్ష్మజీవిని చంపడం పొయ్యి పని. ఒకదాని పని ఇంకొకటి చేస్తుందనుకోవడంతోనే చిక్కు.

కడిగే తీరు మారిస్తే చాలు. కుళాయి కింద ముక్కలు పట్టుకోవద్దు. లోతైన గిన్నెలో ముందే నీళ్ళు పోసి, ముక్కలు మెల్లగా వదిలి, నీటి అడుగునే చేత్తో తిప్పండి. ముక్కల్ని పైకి తీసి చిల్లుల గిన్నెలో వేయండి. ఆ నీళ్ళు ఎత్తు నుంచి కుమ్మరించకుండా తూముకు దగ్గరగా వంచండి. వెంటనే గిన్నె, సింకు, గట్టు, చివరికి చేతులు సబ్బుతో కడగండి. ఉప్పు, పసుపు, నిమ్మరసం రాస్తే నీచు వాసన తగ్గుతుంది, ముక్కకు రుచి పడుతుంది. అంతవరకే. పావుగంట పసుపులో ఉంచినంత మాత్రాన సాల్మొనెల్లా చావదు.

మన అమ్మమ్మలు ఈ పని దొడ్లో చేసేవారు. నూతి గట్టు పక్కన కూర్చుని కడిగి, ఆ నీళ్ళు కొబ్బరి చెట్టు మొదట్లో పారబోసేవారు. అన్నం, పెరుగు, మంచినీళ్ళ బిందె అన్నీ ఇంట్లో ఉండేవి, చిందిన తుంపర వాటిదాకా వచ్చేది కాదు. పైగా గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్ళలో నీచుకు కత్తిపీట వేరు, గిన్నెలు వేరు. ఆ ఏర్పాటు వెనక మడీ మైలా లెక్కలుండేవి, వాటితో నాకు పేచీ ఉంది. కానీ సూక్ష్మజీవుల విషయంలో ఆ ఏర్పాటు చక్కగా పనిచేసింది. ఇప్పుడు అపార్ట్‌మెంటు వంటింట్లో సింకు, గ్లాసులు బోర్లించిన బుట్ట, పొయ్యి అన్నీ ఒకే గట్టు మీదికి చేరాయి. వంటిల్లు మారింది, కడిగే అలవాటు మాత్రం దొడ్లోదే.

ఒక్క ఆదివారం వంటను దగ్గర నుంచి చూడండి. ముక్కలకు ఉప్పూ కారం పట్టిస్తున్న కుడిచెయ్యి, పసుపు తక్కువైందని అలాగే పోపుల పెట్టె మూత తీస్తుంది. అదే చెయ్యి ఉప్పు డబ్బాలో మునుగుతుంది, ఫోను మోగితే తెర మీద వేలు పెడుతుంది. మాంసం కోసిన కత్తిపీటకు ఇన్ని నీళ్ళు చల్లి, పైట చెంగుతో తుడిచి, దాని మీదే ఉల్లిపాయ చక్రాలు, నిమ్మకాయ బద్దలు కోస్తాం. కూరలో పడిన ఉల్లిపాయ ఉడుకుతుంది. పెరుగు చట్నీలో పడింది ఉడకదు. దించాక పైన చల్లే కొత్తిమీరా అంతే. అందుకని పచ్చిగా తినేవన్నీ ముందే కోసి మూత పెట్టండి. ఉప్పు, కారం, పసుపు ముందే చిన్న గిన్నెలోకి తీసుకోండి. మాంసం సంచి ఆ తరువాతే విప్పండి.

పొయ్యి విషయంలో మనకు పెద్ద బెంగ అక్కర్లేదు. ముక్క లోపల 74 డిగ్రీల వేడి తగిలితే ఈ సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. మన కూరలు అంతకంటే ఎక్కువ వేడిలో అరగంట పైనే కుతకుతలాడతాయి. పైన ఎర్రగా వేగి, ఎముక దగ్గర పచ్చిగా మిగిలే బండి మీది చికెన్ వేపుడుతోనే జాగ్రత్త.

2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో కోళ్ళకు బర్డ్ ఫ్లూ తేలినప్పుడు కూడా భయమంతా కూర గిన్నె చుట్టూ తిరిగింది. బాగా ఉడికితే ఆ వైరస్ కూడా బతకదు. ముప్పు ఎక్కువగా ఉన్నది జబ్బు కోళ్ళను పట్టినవాళ్ళకు, కోసినవాళ్ళకు, ఈకలు పీకినవాళ్ళకు.

ఇంకొక్క మాట. కడిగిన నీళ్ళు, వ్యర్థాలు కాలువలో వేయవద్దు. ధవళేశ్వరం నుంచి వచ్చే ఆ నీళ్ళతోనే దిగువ ఊళ్ళ మంచినీటి చెరువులు నింపుతారు.

చేపల లెక్క వేరు. పులస కోసం పుస్తెలు అమ్మినవాళ్ళెవరూ నాకు తగల్లేదు గానీ, చేపను కడగకుండా దాకలో వేసినవాళ్ళు కూడా తగల్లేదు. పొలుసు, మొప్పలు, పేగులు, ఒంటి మీది జిగురు తీయాలి. గళ్ళ ఉప్పు వేసి గరుకు రాతి మీద రుద్దాలి. సముద్రపు చేపకైతే మంచినీళ్ళు నిజంగా మందులా పనిచేస్తాయి. 1950లో జపాన్‌లోని ఒసాకాలో చిన్న చేపలు తిని 272 మంది జబ్బుపడ్డారు, 20 మంది చనిపోయారు. కారణం వెతుకుతూ పోతే ఉప్పునీటిలో పెరిగే విబ్రియో జాతి సూక్ష్మజీవి ఒకటి దొరికింది. దానికి మంచినీళ్ళు గిట్టవు. అందుకే జపాన్‌లో సముద్రపు చేపను కుళాయి నీటితో బాగా కడగమని ప్రభుత్వమే చెబుతుంది. కోడికి చెప్పిన సలహా చేపకు అతకదన్నమాట.

అయితే ఎండలో మగ్గిన చేపను ఎంత కడిగినా లాభం లేదు. కానాగంతల్లాంటి చేపలు ఐసు లేకుండా గంటల తరబడి ఉంటే వాటిలో హిస్టమిన్ పుడుతుంది. తిన్నవాళ్ళకు మొహం ఎర్రబడుతుంది, తల పగిలిపోతుంది, ఒళ్ళు దద్దుర్లు తేలుతుంది. అది నీళ్ళకు పోదు, వండినా పోదు, పులుసులో చింతపండు ఎంత పిసికినా పోదు. అంతర్వేది నుంచి వచ్చిందా, కాకినాడ నుంచి వచ్చిందా అని అడిగే ముందు ఐసులో వచ్చిందా అని అడగండి.

బోటి మాట ఎత్తలేదేమని ముందు వరసలో ఎవరో గొణుగుతున్నారు. బోటి కడగాల్సిందేనండీ, అందులో చర్చే లేదు. పేగు తిరగేసి, లోపలిదంతా పోయేదాకా కడగాలి. వేడినీళ్ళు పోసి, పైపొర గీకి, మళ్ళీ కడగాలి. కాకపోతే ఆ పని సింకులో వద్దు, దొడ్లో చేయండి, చేసేవాళ్ళ చేతికి మంచినీళ్ళ గ్లాసు ఇవ్వమని అడగకండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.