ఇంట్లో నెట్ చూసుకునే మనిషికి ఏం గిఫ్ట్ ఇవ్వాలి? రౌటర్ మాత్రం వద్దు

నమస్తే అండి. వైఫై ఆగిపోతే ఇంట్లో అందరూ ఒకరి పేరే పిలుస్తారు కదా, ఈ వీడియో ఆ మనిషి కోసం. పాస్‌వర్డ్ గుర్తుండేది వాళ్లకే, రౌటర్ వెనక ఏ వైరు ఎటు పోతుందో తెలిసేది వాళ్లకే, ఫైబర్ కుర్రాడి ఫోన్ నంబర్ ఉండేదీ వాళ్ల దగ్గరే. కొన్ని ఇళ్లలో అన్నయ్య, కొన్ని ఇళ్లలో బావగారు. మా ఇంట్లో మా చెల్లి. పుట్టినరోజుకో దసరాకో వాళ్లకు ఏదైనా కొందామంటే ఏం కొనాలో తోచదు. ఇవాళ ఈ టేబుల్ మీద ఉన్నవన్నీ మా చెల్లి నిజంగా వాడుతున్న వస్తువులు.

ముందుగా ఒక మాట. రౌటర్ కొనకండి. ఎనిమిది యాంటెనాలు, రంగురంగుల లైట్లు చూసి చాలామంది మొదట దానికే వెళతారు. కానీ మన ఇళ్లలో ఆపరేటర్ పెట్టే ఫైబర్ డబ్బాలోనే చాలాసార్లు వైఫై కూడా ఉంటుంది. దాని వెనక ఇంకో రౌటర్ తగిలించాలంటే పాతదాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టాలా, అంటే నెట్‌ను కొత్తదానికి దాటించే పని మాత్రమే చేయించాలా, లేక కొత్తదాన్ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైఫై మాత్రమే ఇచ్చే డబ్బాగా వాడాలా అన్నది ముందు తేల్చుకోవాలి. రెండూ రౌటర్లుగానే నడిస్తే ఒకే ఇంట్లో రెండు నెట్‌వర్క్‌లు తయారవుతాయి. హాల్లో ఉన్న ప్రింటర్ బెడ్‌రూమ్‌లో ఫోన్‌కు కనపడకపోవచ్చు. వైఫై పేరు, పాస్‌వర్డ్ మారాయంటే టీవీ, కెమెరా, స్మార్ట్ ప్లగ్, తాతగారి ఫోన్, అన్నీ మళ్లీ కలపాలి. గిఫ్ట్ పేరుతో ఆ మనిషికి ఒక ఆదివారం పని ఇచ్చినట్టు అవుతుంది. రౌటర్ వాళ్లకు నచ్చింది వాళ్లే ఎంచుకోనివ్వండి. ఉన్న పనిని తేలిక చేసే వస్తువు మీరు కొనండి.

అన్నింటికంటే ముందు నేను చెప్పేది మినీ యూపీఎస్. ఇదిగో, అరచేతిలో పడుతుంది. అడాప్టర్‌కీ రౌటర్‌కీ మధ్యలో కూర్చుంటుంది, అంతే. "మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, ఇదెందుకు?" అని మీరు అడగవచ్చు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ కాస్త వ్యవధిలో కొన్ని ఇళ్లలో రౌటర్ రీస్టార్ట్ అయిపోతుంది. ఫ్యాను, లైటు దాన్ని పట్టించుకోవు, రౌటర్ తట్టుకోలేదు. అది మళ్లీ లేచి, ఫైబర్ లైను పట్టుకుని, నెట్ వచ్చేసరికి రెండు మూడు నిమిషాలు గడుస్తాయి. ఈలోపు ఆఫీస్ కాల్ కట్, పిల్లల ఆన్‌లైన్ క్లాస్ కట్. ఇంకో సంగతి, చాలా ఇన్వర్టర్ల మీద యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది. మీది ఎకో మోడ్‌లో ఉంటే ముందు అది మార్చి చూడండి. దానితోనే కుదిరితే ఈ ఖర్చు కూడా అక్కర్లేదు.

కుదరకపోతే మినీ యూపీఎస్ కొనండి. కొనేముందు చేయాల్సిన పని ఒకటుంది, జాగ్రత్తగా చూడండి. రౌటర్ అడాప్టర్ తిప్పి, దాని మీది చిన్న అక్షరాలను ఫొటో తీయండి. ఇన్‌పుట్ కాదు, అవుట్‌పుట్ అని ఉన్న వరుస చూడాలి. ఇక్కడ 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని ఉంది. వోల్టులు కచ్చితంగా అంతే ఉండాలి. 9 వోల్టుల రౌటర్‌కు 12 వోల్టులు ఇస్తే కాలిపోవచ్చు. ఆంపియర్లు మాత్రం అంతే ఉన్నా సరే, ఎక్కువున్నా సరే, తక్కువ ఉండకూడదు. ప్లగ్ బయటి కొలత సాధారణంగా 5.5 మిల్లీమీటర్లు, లోపలి రంధ్రం 2.1 గానీ 2.5 గానీ ఉంటుంది. డబ్బాలో రెండు రకాల పిన్నులు ఇచ్చే మోడల్ తీసుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

బ్యాకప్ ఎంతసేపు అన్నది డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసిన గంటలు చూసి నమ్మకండి, మీరే లెక్క వేసుకోండి. 8000 ఎంఏహెచ్ అని రాసి ఉంటే అది మామూలుగా 3.7 వోల్టుల సెల్ లెక్క. అంటే సుమారు 30 వాట్ అవర్లు. మీ రౌటర్ 8 వాట్లు లాగుతుందనుకుంటే, మధ్యలో వృథా అయ్యేది పోను మూడు గంటలు వస్తుంది. మా చెల్లి వాడకంలోనూ దాదాపు అంతే వస్తోంది. ఫైబర్ డబ్బా వేరు, వైఫై రౌటర్ వేరు అయితే రెండింటికీ బ్యాకప్ కావాలి. ఒక్క రౌటర్‌కే ఇస్తే వైఫై గుర్తు కనపడుతుంది గానీ నెట్ రాదు. ఇలాంటి ఇళ్లకు రెండు అవుట్‌పుట్‌లు ఉన్న మోడల్ చూడండి, రెండు అడాప్టర్ల ఆంపియర్లు కలిపి లెక్కపెట్టండి. వీధిలో ఆపరేటర్ బాక్స్‌కే బ్యాకప్ లేకపోతే మీరు ఇంట్లో ఏం పెట్టినా లాభం లేదు. కరెంటు పోయినప్పుడు పక్కింటివాళ్లకు నెట్ ఉంటోందా అని ఒక్కసారి అడిగి అప్పుడు కొనండి. రెసొనేట్, ఓక్టర్ లాంటి మన దేశపు కంపెనీలు వీటిని అమ్ముతున్నాయి. బ్యాటరీ ఉన్న వస్తువు కాబట్టి టీవీ వెనక వేడిలో ఇరికించకండి.

రెండోది నాకు బాగా ఇష్టమైనది, క్రింపింగ్ టూల్, కేబుల్ టెస్టర్ కలిపి వచ్చే కిట్. క్రింపింగ్ టూల్ అంటే నెట్ వైరు చివర కనెక్టర్‌ను నొక్కి బిగించే పనిముట్టు. మామూలు కిట్ పెద్ద ఖరీదేం కాదు. ల్యాన్ కేబుల్ అంటే రౌటర్ నుంచి కంప్యూటర్‌కు వెళ్లే నెట్ వైరు. దాని లోపల ఎనిమిది వైర్లు, నాలుగు జతలు. దగ్గరగా చూపిస్తాను. ఆరెంజ్ చారలున్న తెలుపు, ఆరెంజ్, ఆకుపచ్చ చారల తెలుపు, నీలం, నీలం చారల తెలుపు, ఆకుపచ్చ, గోధుమ చారల తెలుపు, గోధుమ. ఇదీ వరుస. ఇదిగో ఈ రకం కనెక్టర్‌ను పాస్ త్రూ అంటారు. వైర్లు ముందు నుంచి బయటికి వచ్చేస్తాయి కాబట్టి రంగుల వరుస సరిగ్గా ఉందో లేదో నొక్కేముందే కనపడుతుంది. నొక్కగానే మిగిలిన కొసలు టూలే కోసేస్తుంది. దానికి పాస్ త్రూ టూలే కావాలి, కొనేటప్పుడు అడిగి తీసుకోండి.

ఇప్పుడు టెస్టర్. కేబుల్‌కు ఈ చివర ఒక ముక్క, ఆ చివర ఒక ముక్క. ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరుసగా వెలగాలి. చూడండి, ఇక్కడ ఏడో లైటు వెలగలేదు. గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్ వేగానికి నాలుగు జతలూ కావాలి. 100 ఎంబీపీఎస్‌కు 1, 2, 3, 6 వైర్లు చాలు. అందుకే ఇలాంటి కేబుల్ పెట్టినా చాలాసార్లు నెట్ వస్తూనే ఉంటుంది, వేగం మాత్రం 100కి దిగిపోతుంది. మీరు 200 ఎంబీపీఎస్ ప్లాన్ కట్టి, వైరు పెట్టిన కంప్యూటర్‌లో స్పీడ్ టెస్ట్ ఎప్పుడూ 94 దగ్గరే ఆగిపోతుంటే ముందు కేబుల్‌ను, పోర్టును అనుమానించండి. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి గంటసేపు వాదించే పని ఈ చిన్న డబ్బా తప్పిస్తుంది. అందుకే దీన్ని నేను గట్టిగా చెబుతున్నాను.

కిట్‌తో పాటు ఇరవై, ముప్పై మీటర్ల క్యాట్6 రకం ల్యాన్ కేబుల్ కూడా పెట్టి ఇస్తే ఇంకా బాగుంటుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ అనే కంప్యూటర్ సామాన్ల మార్కెట్‌కు వెళ్లండి. పూర్తి రాగి కేబుల్ కావాలని అడగండి. అల్యూమినియం మీద రాగి పూత పూసింది తక్కువ ధరకు దొరుకుతుంది, దాన్ని సీసీఏ అంటారు. బ్లేడుతో వైరు కొసను కాస్త గీకి చూడండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి, వెండిలా మెరిస్తే అల్యూమినియం. కేబుల్ గుండానే కరెంటు తీసుకునే కెమెరాలకు ఆ సీసీఏ అస్సలు పనికిరాదు, వేడెక్కుతుంది.

చిన్న బడ్జెట్ అయితే వైర్లను కట్టిపెట్టే వెల్క్రో పట్టీలు, లేదంటే ఒక ల్యాన్ వైరును నాలుగు పరికరాలకు పంచే ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్. స్విచ్ డబ్బా మీద 10/100/1000 అని ఉండాలి, 10/100 దగ్గరే ఆగిపోతే వదిలేయండి. గోడ ప్లగ్‌కు పెట్టే వైఫై బూస్టర్లు నేను సిఫార్సు చేయను. అవి చాలావరకు అందుకున్న వైఫైనే మళ్లీ వైఫైలో పంపుతాయి కాబట్టి వేగం పడిపోతుంది.

రాస్ప్‌బెర్రీ పై సంగతి చాలామందికి తెలుసు. చిన్న కంప్యూటర్. దాంట్లో పై హోల్ అనే సాఫ్ట్‌వేర్ వేస్తే ఇంట్లో అన్ని పరికరాలకూ చాలా ప్రకటనలు, ట్రాకర్లు ఆగుతాయి. యూట్యూబ్ ప్రకటనలు మాత్రం ఆగవు, అవి వీడియో వచ్చే చోటు నుంచే వస్తాయి. ఇలాంటివి విప్పి చూసే సరదా ఉన్నవాళ్లకైతే ఇవ్వండి, వాళ్లు సంతోషిస్తారు. నెట్ వస్తే చాలు అనుకునే మనిషికి ఇది బరువు.

చివరగా, దూరంగా ఉండి అమ్మానాన్నల ఇంటి నెట్ చూసుకునేవాళ్లు. డల్లాస్‌లోనో బెంగళూరులోనో ఉండి, వీడియో కాల్‌లో "నాన్నా, ఎర్ర లైటు వెలుగుతోందా? ఏ డబ్బా మీద?" అని అడుగుతుంటారు. వాళ్లకు లేబుల్ ప్రింటర్ కొనండి. బ్రదర్ కంపెనీ టీజెడ్ఈ టేపులకు ప్లాస్టిక్ పొర ఉంటుంది, త్వరగా చెరిగిపోవు. ఈసారి ఊరికి వచ్చినప్పుడు ప్రతి అడాప్టర్ మీద, ప్రతి వైరు మీద రెండు చివరలా పేర్లు అంటించి వెళ్లమనండి. ఫైబర్ డబ్బా మీద ఎల్ఓఎస్ అన్న లైటు పక్కన "ఇది ఎర్రగా ఉంటే లైను తెగింది, ఆపరేటర్‌కు ఫోన్ చేయాలి" అని ఒక లేబుల్, దాని కింద ఆపరేటర్ నంబర్. ఆ లైటు ఎర్రగా ఉన్నప్పుడు రౌటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా నెట్ రాదు. ఆ సంగతి నాన్నగారు డబ్బా మీదే చదువుకుని నేరుగా ఆపరేటర్‌కే ఫోన్ చేస్తారు, అర్ధరాత్రి డల్లాస్‌లో వాళ్లబ్బాయిని లేపాల్సిన పని ఉండదు.