ప్రతి జట్టుకూ 27 ఆటలు

సభాధ్యక్షులకు, పోటీ నిర్వాహకులకు, క్రీడాకారులకు, వారిని వెంటబెట్టుకొని వచ్చిన వ్యాయామ ఉపాధ్యాయులకు నమస్కారం. బహుమతి ప్రదానానికి ముందు నాలుగు మాటలు చాలన్నారు. కానీ ఈ వేదిక మీద చెప్పకపోతే మరెక్కడా చెప్పలేని సంగతి ఒకటి ఉంది కనుక, కాస్త ఓపిక పట్టండి.

ఐస్‌లాండ్‌కూ స్కాట్లండ్‌కూ నడుమ అట్లాంటిక్ సముద్రంలో, డెన్మార్క్ రాజ్యంలో భాగంగానే ఉంటూ తమను తాము పాలించుకునే ఫారో దీవులున్నాయి. మొత్తం 18 దీవుల్లో దాదాపు 55 వేల మంది జనం, అంటే మన దగ్గర ఒక మండలంలో ఉండేంతమంది. అక్కడ 1942 నుంచి ఫుట్‌బాల్ లీగు నడుస్తోంది. బ్రిటిష్ సైన్యం దీవుల్లో ఉన్న యుద్ధకాలంలో, 1944లో మాత్రం పోటీ జరగలేదు. కారణం వింటే నవ్వుతారు: ఆడడానికి బంతులు కరువయ్యాయి.

పై శ్రేణిలో పది జట్లుంటాయి. ప్రతి జట్టూ మిగిలిన తొమ్మిదింటితో మూడేసి సార్లు తలపడుతుంది కనుక, మార్చి నుంచి అక్టోబరు దాకా ఒక్కొక్క జట్టుకు 27 ఆటలు దక్కుతాయి. బేసి సంఖ్య కావడంతో సొంత మైదానంలో కొందరికి 14, కొందరికి 13 ఆటలు వస్తాయి. చివరన నిలిచిన రెండు జట్లు కింది శ్రేణికి దిగిపోతాయి. ఆ కింది శ్రేణిలో పెద్ద క్లబ్బుల రెండో జట్లు కూడా ఆడతాయి గానీ, అవి అక్కడ మొదటి స్థానంలో నిలిచినా, తమ మొదటి జట్టు ఉన్న శ్రేణికి ఎక్కడానికి వీల్లేదు. దీనివల్ల మొదటి జట్టులో చోటు దొరకని కుర్రవాడు సైతం ఏడాదంతా బెంచీ మీద కూర్చోకుండా, పాయింట్లు లెక్కలోకి వచ్చే ఆటే ఆడతాడు.

మరి మన పోటీలు? పదహారు జట్లను పిలుస్తాం, మొదటి రౌండులోనే ఎనిమిదింటిని ఇంటికి పంపిస్తాం. రాత్రంతా బస్సులో వచ్చి, గంటన్నర ఆడి, పెనాల్టీల్లో ఓడి, మళ్లీ అదే రాత్రి బస్సెక్కిన పిల్లలను ఈ మైదానంలోనే చూశాను. అయ్యా, దీన్ని పోటీ అనండి, పండుగ అనండి, అభ్యంతరం లేదు. లీగు అని మాత్రం కరపత్రంలో అచ్చు వేయకండి.

ప్రయాణపు ఇబ్బంది వాళ్లకూ ఉంది. 1892లో పుట్టిన టీబీ క్లబ్బు దక్షిణాన సూవురోయ్ దీవిలో ఉంది. అక్కడికి సొరంగ మార్గం లేదు, రాజధాని తోర్షావ్న్ నుంచి రెండు గంటల ఓడ ప్రయాణం. అయినా ఆ జట్టు ఏడుసార్లు విజేతగా నిలిచింది.

ఇంకొక్క కథ, అధ్యక్షులవారు క్షమించాలి. 1990 సెప్టెంబరు 12న ఫారో జాతీయ జట్టు ఐరోపా దేశాల కప్పు అయిన యూరోకు తన మొట్టమొదటి అర్హత పోటీ ఆడింది. దీవుల్లో తగిన పచ్చిక మైదానం లేక ఆ 'సొంత' ఆటను స్వీడన్‌లోని లాండ్స్‌క్రోనాలో ఆడవలసి వచ్చింది. ఎదురుగా, ఆ వేసవిలోనే ప్రపంచ కప్పు ఆడి వచ్చిన ఆస్ట్రియా. టోర్కిల్ నీల్సన్ కొట్టిన ఒకే ఒక్క గోలుతో ఫారో గెలిచింది. అల్లిక టోపీ పెట్టుకొని గోల్ కాచిన యెన్స్ మార్టిన్ క్నూడ్సన్ చేపల కర్మాగారంలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. అందరూ ఆ టోపీనే గుర్తు పెట్టుకుంటారు. ఏటా దేశవాళీ లీగులో ఆడుతూ వచ్చినవాళ్లే ఆ జట్టులో ఎక్కువమంది ఉన్నారన్న సంగతి ఎవరూ చెప్పరు.

ఇప్పుడు అక్కడ కృత్రిమ పచ్చిక మైదానాలున్నాయి. లీగు విజేతకు, ఐరోపా క్లబ్బుల అతిపెద్ద పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ అర్హత పోటీల్లో చోటుంది. 2023లో క్లాక్స్‌విక్ పట్టణపు కేఐ జట్టు హంగరీ రాజధాని బుడాపెస్ట్ వెళ్లి అక్కడి ఫెరెంత్స్‌వారోష్ క్లబ్బును 3-0తో ఓడించింది. ఆ ఏడాదే ఐరోపా క్లబ్బుల మూడో స్థాయి పోటీ అయిన కాన్ఫరెన్స్ లీగ్ గ్రూపు దశకు చేరి, ఒక ఆటలో ఫ్రాన్సుకు చెందిన లీల్‌ను గోలు చేయనివ్వకుండా నిలువరించింది. గ్రూపు దశ దాకా వెళ్లిన తొలి ఫారో క్లబ్బు అదే.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచిందని మనం ప్రతి సభలోనూ చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ అలాంటి జట్లు మళ్లీ రావాలంటే మన పిల్లలకు ఆటలు దక్కాలి. అందుకే నిర్వాహకులను నేను అడిగేది ఒక్కటే. వచ్చే ఏడాది పదహారు జట్లను పిలవకండి, ఆరింటినే పిలవండి. ఒక్కొక్కరితో రెండుసార్లు ఆడించండి. మొత్తం 30 ఆటలవుతాయి, ప్రతి జట్టుకూ పది. ఆదివారానికి మూడు చొప్పున వేస్తే పది వారాల్లో పూర్తవుతుంది. మైదానం అద్దెకు నా వంతు చందా ఇప్పుడే కోశాధికారిగారికి ఇచ్చి దిగుతాను.