పదో పేరు కూడా మస్టర్లో రాయండి

యజమానులకు, కార్మిక సోదరులకు, చంటిపిల్లల్ని ఎత్తుకుని వచ్చిన అక్కచెల్లెళ్ళకు నమస్కారం.

చీమకుర్తిలో నిలబడి చెబుతున్నాను కాబట్టి గ్రానైట్ సంగతే ఎత్తుకుంటాను. కొన్ని పాలిషింగ్ యూనిట్లలో మస్టరు, అంటే హాజరు పట్టీ, తొమ్మిది పేర్ల దగ్గర ఆగిపోతుంది. పదో మనిషి మిషన్ దగ్గర ఉంటాడు, కాగితం మీద ఉండడు. పది మంది ఉంటే ఈఎస్ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా చందా, కట్టాలి మరి!

ఇంతకీ అదెంత భారం? నెలకు 16,000 జీతమనుకోండి. కార్మికుడి వాటా ముప్పావు శాతం, 120 రూపాయలు. యజమాని వాటా మూడుంబావు శాతం, 520. 2019 జూలైకి ముందు ఇదే 4.75 శాతం ఉండేది. ఆ 640తో కార్మికుడికీ, భార్యాబిడ్డలకూ, అతని మీద ఆధారపడ్డ అమ్మానాన్నలకూ వైద్యం. నిర్ణీత రోజులకు చందా పడి ఉంటే, జబ్బు చేసి పని మానినప్పుడు ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం చేతికొస్తుంది.

రంపం కింద చెయ్యి నలిగిందనుకోండి. పేరున్నవాడికి, పనిలో చేరిన మొదటి రోజైనా సరే, ఈఎస్ఐ సంస్థే చూసుకుంటుంది. రాతిదుమ్ముతో ఊపిరితిత్తులు చెడినా చట్టం దాన్ని పనిలో తగిలిన గాయం కిందే లెక్కేస్తుంది. పేరు దాచారా, ఆ పరిహారం తిరిగి తిరిగి మీ నెత్తికే చుట్టుకుంటుంది. నెలకు 520 మిగుల్చుకుని లక్షలకు పూచీ పడటం ఏం లెక్కో నాకు అర్థం కాదు.

"కార్మికులందరికీ కలిపి గ్రూపు ఆరోగ్య పాలసీ తీసుకున్నాం కదండీ" అంటారు. సంతోషం. కానీ అది ఈఎస్ఐకి బదులు కాదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తీసేసింది వ్యక్తిగత, కుటుంబ పాలసీలకే. గ్రూపు పాలసీ మీద 18 శాతం అలాగే ఉంది.

జీతం 21,000 దాటినవాళ్ళకు ఈఎస్ఐ వర్తించదు, సొంత పాలసీ చూసుకోవాలి. ఆదాయపన్ను పాత విధానంలో ఆ ప్రీమియం మీద కుటుంబానికి 25,000, అరవై నిండిన తల్లిదండ్రులకు కడితే మరో 50,000 దాకా మినహాయింపు. ప్రీమియం నగదుగా కడితే అదీ లేదు. కొత్త విధానంలో అసలే లేదు. ఏజెంటు బాబులు ఈ ముక్క దగ్గర గొంతు తగ్గిస్తారు!

తమ్ముళ్ళూ, జీతంలో కోత పడుతుంటే మీ బీమా నంబరు అడిగి తీసుకోండి. పట్టుకున్న డబ్బు మరుసటి నెల 15లోగా జమ కావాలి. ఇంట్లోవాళ్ళ పేర్లు ఎక్కాయో లేదో చూసుకోండి. ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు అక్కడున్న కుటుంబానికి అక్కడి డిస్పెన్సరీనే రాయించుకోవచ్చు.