కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బమ్‌లో మెక్‌డొనాల్డ్ వాటా

అందరికీ నమస్కారం.

ఇంగ్లండు రాక్ బ్యాండు కింగ్ క్రిమ్సన్ అనగానే అందరూ గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ గురించే మాట్లాడతారు. బ్యాండును దశాబ్దాల పాటు నిలబెట్టింది ఆయనే కాబట్టి అందులో న్యాయముంది. కానీ 1969 అక్టోబరులో వచ్చిన మొదటి ఆల్బమ్ ‘ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్’ దగ్గర ఆ లెక్క కుదరదు. అక్కడ బ్యాండులోని మరో వాద్యకారుడు ఇయన్ మెక్‌డొనాల్డ్‌కు రావాల్సిన పేరు ఇంకా రాలేదని నా అభిప్రాయం.

ఉన్నవి ఐదే పాటలు. వాటిలో ‘ఐ టాక్ టు ద విండ్’కూ, టైటిల్ పాటకూ బాణీ కట్టింది మెక్‌డొనాల్డే. మాటలు పీటర్ సిన్‌ఫీల్డ్‌వి. శాక్సఫోన్, ఫ్లూట్, కీబోర్డులు అన్నీ మెక్‌డొనాల్డ్ వాయించినవే. అన్నిటికంటే ముఖ్యం మెలోట్రాన్ అనే కీబోర్డు వాద్యం. దాని ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది. వయొలిన్ల ధ్వని ముందే అందులో రికార్డు చేసి ఉంటుంది. మెట్టు నొక్కితే టేపు కదులుతుంది, స్వరం పలుకుతుంది. సుమారు 8 సెకన్లకు టేపు అయిపోతుంది, ధ్వని ఆగిపోతుంది. వేలు తీస్తే టేపు మళ్లీ మొదటికి వెళ్తుంది. అంటే ఆ గడువులోపే తర్వాతి స్వరానికి వెళ్లిపోవాలి! ‘ఎపిటాఫ్’లో గ్రెగ్ లేక్ గొంతు వెనక ఉప్పెనలా లేచేది ఈ టేపులే. ఆ ధ్వనిలో ఒక సన్నని వణుకుంది. నిజమైన ఆర్కెస్ట్రాను పిలిచి ఉంటే అంత దిగులు పలికేది కాదు.

ఇక ‘ట్వంటీఫస్ట్ సెంచురీ స్కిజాయిడ్ మ్యాన్’ బ్యాండులోని ఐదుగురి పేరునా ఉన్న పాట. మధ్యలో గిటార్, శాక్స్, బేస్, మైఖేల్ గైల్స్ డ్రమ్స్ ఒక్క ఉరుకున పరిగెత్తి ఠక్కున ఆగుతాయి. నిశ్శబ్దం. మళ్లీ పరుగు, మళ్లీ ఆగడం. ఒక్కరు తడబడినా మొత్తం కూలిపోయే చోటు అది. ‘మూన్‌చైల్డ్’ మొదలు చాలా అందంగా ఉంటుంది గానీ, తర్వాత వచ్చే సుదీర్ఘమైన ఇంప్రొవైజేషన్ (అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించడం) అంత అక్కర్లేదు.

1969 జనవరిలో బ్యాండు తొలి రిహార్సల్, జులై 5న లండన్ హైడ్ పార్క్‌లో రోలింగ్ స్టోన్స్ కంటే ముందు లక్షల మంది ఎదుట కచేరీ. రికార్డింగుకు మొదట అనుకున్న ప్రొడ్యూసర్‌తో పొసగక, వెసెక్స్ స్టూడియోలో వాళ్లే సొంతంగా ముగించారు. డిసెంబరులో అమెరికా టూర్‌లో ఉండగానే మెక్‌డొనాల్డ్, గైల్స్ వెళ్లిపోతామన్నారు. మీరు ఉండండి, నేనే తప్పుకుంటానన్నారు ఫ్రిప్. వాళ్లు ఒప్పుకోలేదు.

1970లో వచ్చిన రెండో ఆల్బమ్‌లో మెలోట్రాన్ ఫ్రిప్ వాయించారు. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినండి. మొదటిదానిలోని ఆ వెచ్చదనం రెండోదానిలో నాకైతే దొరకలేదు.