క్రియాటినిన్ బాగుంటే సరిపోతుందా?

శ్రోతలందరికీ నమస్కారం. క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తంలోంచి తీసి మూత్రంలోకి పంపే ఒక వ్యర్థ పదార్థం. కిడ్నీ బాగా దెబ్బతింటే అది రక్తంలో పెరుగుతుంది. రక్తపరీక్షలో అది బాగుందని చాలామంది నిశ్చింతగా ఉంటారు.

హైదరాబాద్‌లో ఏ కాలనీకి వెళ్లినా మెయిన్ రోడ్డు మీద ఒక డయాగ్నస్టిక్ సెంటర్ ఉంటుంది. పొద్దున్నే పరగడుపున రక్తం ఇచ్చి, ఇంటికెళ్లి టిఫిన్ తిని, రెండు గంటలకు మళ్లీ వచ్చి ఇంకోసారి రక్తం ఇచ్చి పోయే షుగర్ పేషెంట్లు అక్కడ రోజూ కనిపిస్తారు. అంత ఓపిక ఉన్నవాళ్లను కూడా మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందేమో ఎప్పుడు చూపించుకున్నారని అడిగితే, చాలామంది తెల్లమొహం వేస్తారు. నాకు బాధ కలిగించేది ఇదే. ఎందుకంటే షుగర్ వల్ల కిడ్నీకి జరిగే నష్టం సాధారణంగా మొదట బయటపడేది రక్తంలో కాదు, మూత్రంలో.

మన రెండు కిడ్నీలు కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. అందులో చాలా భాగం తిరిగి రక్తంలోకే వెళ్లిపోతుంది, లీటరున్నర, రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా బయటికొస్తుంది. రక్తంలో ఉండే ఆల్బుమిన్‌ను ఆ వడపోత దాదాపుగా బయటికి పోనివ్వదు. ఏళ్ల తరబడి షుగర్ అదుపు తప్పి, దానికి బీపీ కూడా తోడైతే వడపోత పొర పాడవుతుంది. ఆ పొరను పట్టుకుని ఉండే పోడోసైట్లు అనే కణాలు ఊడిపోతాయి. పాతబడిన వడగుడ్డలోంచి పిప్పి జారినట్టు ఆల్బుమిన్ కొద్దికొద్దిగా మూత్రంలోకి జారుతుంది. అప్పటికి నొప్పి ఉండదు, వాపు ఉండదు, నురగ కూడా కనిపించకపోవచ్చు.

ఓపీలో తరచూ జరిగే మాట ఒకటి చెప్తాను. పదేళ్లుగా షుగర్ ఉన్న ఒక పెద్దామె ప్లాస్టిక్ కవర్లోంచి రిపోర్టులన్నీ తీసి టేబుల్ మీద పరిచి, రక్తంలో క్రియాటినిన్ 0.9 అన్న అంకె మీద వేలు పెట్టి, "క్రియాటిన్ మంచిగనే ఉంది కద డాక్టర్ సాబ్, ఇంక మూత్రం ఎందుకు?" అంటారు. "మంచిగనే ఉందమ్మా, కానీ కిడ్నీ పని సగానికి సగం తగ్గేదాకా కూడా ఆ అంకె పెద్దగా కదలకపోవచ్చు" అని చెప్తాను. మూత్రంలో ముంచి రంగు చూసే మామూలు పట్టీ పరీక్షలో 'నిల్' అని వచ్చిందని కూడా ధీమా పడటానికి లేదు. కొద్దిపాటి ఆల్బుమిన్ ఆ పట్టీకి అందదు.

అందుకే ఏసీఆర్ అనే పరీక్ష అడగాలి. మూత్రంలో ఆల్బుమిన్ ఎంత, క్రియాటినిన్ ఎంత అని చూసి, రెంటి నిష్పత్తి కడతారు. నీళ్లు ఎక్కువ తాగితే మూత్రం పలచబడి ఆల్బుమిన్ తక్కువగా కనిపిస్తుంది, క్రియాటినిన్ కూడా అంతే పలచబడుతుంది కాబట్టి ఈ లెక్క. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలే. 30 నుంచి 300 మధ్య ఉంటే మేలుకోవాల్సిన సమయం. 300 దాటితే జబ్బు ముదిరినట్టు. 30 నుంచి 300 మధ్య ఉన్న దశలోనే దొరికితే చేయగలిగింది చాలా ఉంది. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు ఆల్బుమిన్ పోవడాన్ని తగ్గిస్తాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మందులు కిడ్నీ పాడయ్యే వేగాన్ని తగ్గిస్తాయని పెద్ద పరిశోధనల్లో రుజువైంది. డయాలసిస్ కుర్చీలో కూర్చోబెట్టే జబ్బును ఏళ్ల తరబడి వెనక్కి నెట్టగలిగే అవకాశం ఇది, చేజేతులా వదులుకోవద్దు. ఒక్క మాట, ప్రోటీన్ పోతోందనగానే ప్రోటీన్ పౌడర్లు కొని తాగకండి. దాంతో కిడ్నీ మీద భారం పెరుగుతుంది.

ఆల్బుమిన్ ఒక్కటే అన్నీ చెప్పేస్తుందా అంటే, చెప్పదు. షుగర్ ఉండి, ఆల్బుమిన్ పోకుండానే కిడ్నీ దెబ్బతినేవాళ్లూ ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వచ్చే కిడ్నీ జబ్బులో కూడా ప్రోటీన్ పెద్దగా పోదు, అక్కడ ముందు దెబ్బతినేది వడపోత తర్వాత ఉండే సన్నని గొట్టాలు. ఆ గొట్టాల దెబ్బను పట్టిచ్చే కిమ్-1, ఎన్‌గాల్ లాంటి ప్రోటీన్ల మీద పరిశోధన సాగుతోంది. యూరప్‌లో మూత్రంలోని 273 ప్రోటీన్ తునకలను ఒకేసారి కొలిచి, ఆల్బుమిన్ మామూలుగా ఉన్నప్పుడే ఎవరికి ముప్పు ఎక్కువో చెప్పే పద్ధతి తయారుచేశారు. 2020లో వచ్చిన ఫలితాల్లో ముప్పున్నవాళ్లను ఆ పద్ధతి బాగానే గుర్తుపట్టింది. వాళ్లకు ఇచ్చి చూసిన స్పైరోనోలాక్టోన్ మందు మాత్రం ఆల్బుమిన్ రాకుండా ఆపలేకపోయింది. కాబట్టి ఈ కొత్త పరీక్షల కోసం ఇప్పుడు డబ్బు పెట్టాల్సిన పనిలేదని నా అభిప్రాయం. ఏసీఆర్ చాలు.

టైప్ 2 షుగర్ అయితే జబ్బు తెలిసిన రోజే చేయించి, ఏటా ఒకసారి మళ్లీ చూపించుకోండి. టైప్ 1 అయితే జబ్బు తెలిసిన ఐదేళ్ల తర్వాత మొదలుపెట్టవచ్చు. పొద్దున మొదటి మూత్రమైతే మంచిది. కొంచెం వదిలేసి మధ్యలో వచ్చేది డబ్బాలో పట్టండి. జ్వరం, మూత్రంలో మంట, నెలసరి ఉన్నప్పుడు, బాగా వ్యాయామం చేసిన మర్నాడు పరీక్ష చేయిస్తే అంకె ఉత్తినే పెరుగుతుంది, వాయిదా వేయండి. ఒకసారి ఎక్కువ వచ్చిందని కంగారు పడకండి. మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చూసి, అందులో రెండుసార్లు ఎక్కువ వస్తేనే జబ్బు ఉన్నట్టు లెక్క.