సంక్రాంతికి ఊరెళ్తే చేపల తొట్టె ఎలా?

శ్రోతలకు నమస్కారం.

సంక్రాంతి దగ్గరపడుతూనే నగరాల్లో ఇళ్ళకు వరసగా తాళాలు పడతాయి. పాలు వద్దని పాలవారికి, మొక్కలకు నీళ్ళు పోయమని వాచ్‌మన్‌కు ముందుగానే చెప్పుకుంటాం గాని, హాల్లో ఒక మూలన ఉన్న చేపల తొట్టె మాత్రం సాధారణంగా బయలుదేరే రోజు పొద్దున్నే గుర్తుకు వస్తుంది. అప్పుడు కూడా మనకు తోచే ప్రశ్న ఒక్కటే: ఈ వారం రోజులూ వీటికి మేత ఎవరు వేస్తారు? నిజానికి తొట్టెకు సంబంధించి మనం పడవలసిన చింతలన్నింటిలోకీ ఇదే చిన్నది.

చేప తన ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికి మనలాగా శక్తిని ఖర్చు చేయనక్కరలేదు. చుట్టూ ఉన్న నీటి ఉష్ణోగ్రతే దాని ఒంటి ఉష్ణోగ్రత. అందువల్ల ఆరోగ్యంగా ఎదిగిన గప్పీలు, మోలీలు, టెట్రాలు, గోల్డ్‌ఫిష్‌లు వారం రోజులు మేత లేకపోయినా తట్టుకుంటాయి. గాజు మీదా రాళ్ళ మీదా పెరిగిన పచ్చని నాచును కొన్ని గీక్కు తింటాయి కూడా. పుట్టి కొద్దిరోజులే అయిన పిల్లలకు, జబ్బు నుంచి తేరుకుంటున్న చేపలకు ఈ మాట వర్తించదు. వాటికి మనిషి తోడు కావలసిందే.

అసలు ప్రమాదం మన జాలిలో ఉంది. పాపం, వారం దాకా ఎవరూ వేయరు కదా అని వెళ్ళేముందు నాలుగు చిటికెల మేత ఎక్కువ వేసి తలుపు వేసుకుంటాం. చేపలు తినగలిగినంత తిన్న తరువాత మిగిలిన గుళికలు గులకరాళ్ళ సందుల్లోకి జారి, ఉబ్బి, ఒకటి రెండు రోజుల్లో తెల్లని దూదిలాంటి బూజు పడతాయి. వాటిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగి నీటిలోని ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి, నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లబడతాయి, పైగా అమ్మోనియా పుడుతుంది. ఊరి నుంచి వచ్చి తలుపు తీసిన వాళ్ళు, చచ్చి తేలిన చేపలను చూసి ఆకలితో పోయాయనుకుంటారు. దుకాణాల్లో సెలవుల కోసమని అమ్మే తెల్లని మేత బిళ్ళలు కూడా, ముఖ్యంగా చిన్న తొట్టెల్లో, ఇదే పని చేయగలవు. నన్నడిగితే వారం రోజుల ప్రయాణానికి వాటి జోలికి పోవద్దంటాను.

ఈ అమ్మోనియా మామూలు రోజుల్లోనూ చేపల విసర్జన వల్ల పుడుతూనే ఉంటుంది. ఫిల్టర్ స్పాంజిలో కాపురముండే మేలు చేసే బ్యాక్టీరియా దానిని మొదట నైట్రైట్‌గా, ఆపైన అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. మనవాళ్ళకు పండుగ ముందు ఇల్లంతా దులిపే అలవాటు ఉంది కాబట్టి, ఆ ఊపులోనే తొట్టెను కూడా ఖాళీ చేసి, స్పాంజిని కుళాయి కింద పిండి పిండి ఉతికి, కొత్త నీళ్ళు నింపి బయలుదేరుతారు. చూడడానికి తొట్టె అద్దంలా మెరుస్తుంది గాని, కుళాయి నీటిలోని క్లోరిన్‌కు ఆ బ్యాక్టీరియా చాలావరకు చనిపోతుంది. సరిగ్గా ఇంట్లో ఎవరూ లేని రోజుల్లోనే అమ్మోనియా పెరుగుతుంది. శుభ్రం చేసే పనిని ప్రయాణానికి నాలుగైదు రోజుల ముందే ముగించుకోవాలి. నీళ్ళలో నాలుగో వంతు మాత్రమే తీసి, ఆ తీసిన నీళ్ళలోనే స్పాంజిని రెండు మూడుసార్లు పిండి మళ్ళీ పెట్టేయాలి. పోసే నీళ్ళకు క్లోరిన్ విరుగుడు చుక్కలు కలపాలి. కొత్త చేపలను కొనడం కూడా ఊరి నుంచి వచ్చాకే. కొత్త చేపతో వచ్చిన జబ్బు బయటపడడానికి రోజులు పడుతుంది, అప్పటికి కనిపెట్టే వాళ్ళు ఇంట్లో ఉండరు.

ఇక కరెంటు సంగతి. ఊరికి వెళ్ళేటప్పుడు మెయిన్ ఆపేసి వెళ్ళడం మనలో చాలామందికి చేతి అలవాటు. గ్యాసు కట్టేశామా, మెయిన్ ఆపామా అని మెట్లు దిగిన తరువాత కూడా ఒకరినొకరు అడుగుతాం. తొట్టె ఉన్న ఇంట్లో ఆ చేయి ఆగాలి. ఫిల్టర్ ఆగితే స్పాంజిలోని బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అందదు, కొన్ని గంటల్లోనే అది దెబ్బతినడం మొదలవుతుంది. మీటర్ బోర్డులో తొట్టె ఉన్న గదికి వెళ్ళే స్విచ్ ఏదో చూసుకుని, దానిని ఉంచి మిగతావి ఆపవచ్చు. ఇన్వర్టర్ ఉంటే ఫిల్టర్‌నూ ఎయిర్ పంపునూ దాని లైనుకు కలిపి, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ తగినంత ఉందో లేదో చూసుకోవాలి. కరెంటు పోగానే తనంతట తాను పనిచేయడం మొదలుపెట్టే బ్యాటరీ ఎయిర్ పంపులు కూడా దొరుకుతున్నాయి.

వెళ్ళడానికి రెండు రోజుల ముందు ఒక పరీక్ష తప్పక చేయమని కోరుతున్నాను. తొట్టె ప్లగ్గులన్నీ ఆపి, పావుగంట ఆగి, మళ్ళీ వేయండి. అంచుకు తగిలించే రకం ఫిల్టర్లు కొన్ని, నీటి మట్టం తగ్గి ఉంటే, తిరిగి నీటిని లాగలేక మోటారు ఒట్టిగా తిరుగుతుంది. ఎయిర్ పంపు తొట్టె కన్నా కింద ఉంటే, కరెంటు పోయినప్పుడు సన్న గొట్టం గుండా నీళ్ళు వెనక్కు వచ్చి పంపులోకీ అక్కడి నుంచి నేల మీదికీ కారవచ్చు. గొట్టం మధ్యలో చిన్న నాన్ రిటర్న్ వాల్వ్ పెడితే అది ఆగిపోతుంది. తొట్టె నుంచి వచ్చే వైర్లు సాకెట్ కన్నా కిందికి వేలాడి పైకి వెళ్ళేలా సర్దితే, వైరు వెంట జారిన నీటి బొట్టు సాకెట్‌లోకి పోకుండా ఆ వంపు దగ్గరే కింద పడుతుంది.

జనవరిలో ఆదిలాబాద్ వైపు రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోవడం కొత్తకాదు. అటువంటి చోట్ల హీటర్ వేసి ఉంచాలి గాని, అది నీటిలో పూర్తిగా మునిగి ఉండాలి. నీళ్ళు ఆవిరై గాజు గొట్టం బయటపడితే పగిలే ప్రమాదం ఉంది. నీటిని అంచు దాకా తెచ్చి, మూత వేసి, మట్టం దగ్గర గాజు మీద ఒక గీత గీసి వెళ్ళండి. ఫైటర్, గౌరామీ వంటివి మన కొర్రమీనులాగే పైకి వచ్చి గాలి పీల్చే చేపలు కాబట్టి, వాటి తొట్టెలో మూతకూ నీటికీ మధ్య రెండంగుళాల ఖాళీ ఉంచాలి. వేసవి ప్రయాణాలకైతే లెక్క తారుమారవుతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల దగ్గర అది 7.5కు తగ్గుతుంది, కిటికీ తెరలు వేసి, ఎయిర్ పంపు నిరంతరం నడిచేలా చూడాలి. లైటుకు టైమర్ పెట్టి రోజుకు ఏడెనిమిది గంటలు వెలిగేలా చేస్తే చాలు. మొక్కలు లేని తొట్టెకు లైటే అక్కరలేదు.

పది రోజులు దాటే ప్రయాణమైతే పక్కింటివారి సాయం తీసుకోవడం మంచిది. అయితే మేత డబ్బా వారి చేతికి ఇవ్వకండి. ఒక్కో పూటకు కావలసినంత చిన్న కాగితపు పొట్లాల్లో కట్టి, రెండు రోజులకు ఒకటి చొప్పున లెక్కపెట్టి ఇచ్చి, డబ్బాను బీరువాలో పెట్టేయండి. ఆటోమేటిక్ మేత యంత్రం వాడదలచుకుంటే మీరు ఇంట్లో ఉన్నప్పుడే వారం రోజులు నడిపి చూడండి. తేమకు మేత ముద్దకట్టి ఒకరోజు అసలు పడక, మరునాడు గుప్పెడు పడే అవకాశం ఉంది. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళి నాలుగైదు నెలలు ఉండి వచ్చే తల్లిదండ్రులు మాత్రం ఏ యంత్రాన్నీ నమ్ముకోకుండా, చేపలను తెలిసినవారికి అప్పగించి వెళ్ళడమే సబబు.

తిరిగి రాగానే మేత డబ్బా తీయకండి. ముందు చేపలను లెక్కపెట్టి, చనిపోయినది ఉంటే తీసివేసి, ఫిల్టర్ నుంచి నీటి ధార మునుపటిలా వస్తున్నదా, నీళ్ళు వాసన వేస్తున్నాయా అన్నది చూడండి. గీత కన్నా తగ్గిన నీటిని క్లోరిన్ విరుగుడు కలిపిన నీళ్ళతో నింపి, ఆ సాయంత్రం మామూలులో సగం మేత మాత్రమే వేయండి. నాలుగో వంతు నీళ్ళు మార్చడం మరునాటికి పెట్టుకోవచ్చు.